ఒక దీపస్తంభానికి ఎన్ని వయసులు?

చెన్నై మెరీనా తీరాన ఎరుపు, తెలుపు పట్టీలతో నిలబడి ఉన్న లైట్‌హౌస్ ఎంత పాతది అని అడిగితే రెండు జవాబులు వస్తాయి, రెండూ నిజమే. ఆ కట్టడంలో దీపం వెలిగింది 1977 జనవరిలో. అయితే ఓడల కోసం చెన్నపట్నం తీరాన రాత్రిళ్ళు దీపం పెట్టడం మొదలైంది 1796లో. ఈ రెండు సంవత్సరాల నడుమ ఆ దీపం నాలుగు చోట్ల కాపురం చేసింది. తీరం వెంట ఏ లైట్‌హౌస్ చూడడానికి వెళ్ళినా ఇలాంటి చిక్కే ఎదురవుతుంది. గేటు దగ్గరి బోర్డు మీద ఒక సంవత్సరం ఉంటుంది, ఊళ్ళో పెద్దవాళ్ళు అంతకన్నా పాత సంగతి చెబుతారు, పైన గదిలో ఉన్న యంత్రం మీద మరో సంవత్సరం చెక్కి ఉంటుంది. ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఫలానా చోట దీపం ఎప్పటి నుంచి ఉంది, ఇప్పుడున్న స్తంభాన్ని ఎప్పుడు కట్టారు, అందులోని అద్దాన్ని ఎప్పుడు బిగించారు అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. వాటిని విడదీసుకుంటే చరిత్ర చాలావరకు తేటపడుతుంది. వీటన్నిటికీ ముందు అడగవలసిన నాలుగో ప్రశ్న ఇంకొకటి ఉంది: అసలు ఇక్కడ సముద్రంలో ఏముందని ఈ దీపం పెట్టవలసి వచ్చింది?

చెన్నపట్నం విషయంలో ఆ నాలుగో ప్రశ్నకు జవాబు సముద్రంలో ఏదో ఉండడం కాదు, ఒడ్డున ఒకటి లేకపోవడం. పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా అక్కడ రేవు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా బయటి సముద్రంలోనే లంగరు వేసేవి. అక్కడి నుంచి మనుషులూ సరుకులూ మసూలా పడవల మీద, కెరటాలను దాటుకుంటూ ఇసుక ఒడ్డుకు చేరేవి. మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టిన పడవలు అవి. అలల తాకిడికి విరగకుండా వంగేవి. రాత్రి వచ్చిన ఓడకు తాను చేరవలసిన పట్నం ఎక్కడుందో తెలియాలి, మరీ ఒడ్డుకు రాకముందే ఆగాలి. దాని కోసమే 1796లో సెయింట్ జార్జి కోటలో, వర్తకుల ఎక్స్ఛేంజ్ భవనం పైకప్పు మీద, కొబ్బరినూనెతో వెలిగే దీపాలు పెట్టారు. ఆ భవనమే నేటి కోట మ్యూజియం. అక్కడికి వెళ్ళేవాళ్ళలో చాలామంది నాణేలూ తుపాకులూ చూసి వచ్చేస్తారు. ఆ ఇంటి నడినెత్తిన ఒకప్పుడు నౌకాశ్రయం లేని ఊరికి మొదటి దీపం ఉండేదన్న సంగతి తెలిసి వెళితే ఆ కట్టడమే వేరుగా కనిపిస్తుంది.

ఆ దీపాన్ని తరవాత ఎందుకు కదిలించారో అర్థం కావాలంటే కొంచెం లెక్క చూడాలి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎంత బలమైన దీపమైనా కొంత దూరం దాటాక సముద్రపు వంపు వెనక్కి వెళ్ళిపోతుంది. దీపం సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో దాని వర్గమూలాన్ని సుమారు 3.86తో గుణిస్తే, ఆ వెలుగు నీటి మట్టాన ఎన్ని కిలోమీటర్ల దాకా చేరుతుందో వస్తుంది. గాలిలో కాంతి కొద్దిగా వంగడం కూడా ఈ లెక్కలో కలిసే ఉంది. కోటలోని దీపం సుమారు 30 మీటర్ల ఎత్తున ఉండేది, అంటే దాదాపు 21 కిలోమీటర్లు. చూసే మనిషి ఓడ మీద ఎంత ఎత్తున ఉంటే అంత దూరం దీనికి కలుస్తుంది. 9 మీటర్ల ఎత్తైన డెక్కు మీద నిలబడినవాడికి మరో 11, 12 కిలోమీటర్లు అదనం. తెరచాప స్తంభం ఎక్కినవాడికి ఇంకా ముందే కనిపిస్తుంది. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. కనిపించే దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు చేయాలి. అందుకే ఎత్తు పెంచుకుంటూ పోవడం ఒక హద్దు దాటాక లాభసాటి కాదు, ఆ పైన దీపాన్నే మెరుగు పరచుకోవాలి. లైట్‌హౌస్‌ల చరిత్ర మొత్తం ఈ రెండు దారుల మధ్యే నడిచింది.

రెండో దీపం 1844 జనవరి 1న వెలిగింది. కోటకు ఉత్తరాన, నేటి హైకోర్టు ఆవరణలో, గ్రానైటు రాతితో గ్రీకు డోరిక్ పద్ధతిలో కట్టిన స్తంభం అది. ఎత్తు 125 అడుగులు, సుమారు 38 మీటర్లు. రూపకల్పన మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ జె. టి. స్మిత్‌ది. నాకు ఈ నాలుగింటిలోనూ ఎక్కువ మక్కువ దీని మీదే. మరొక భవనం నెత్తిన కాకుండా దీపం కోసమే కట్టిన స్తంభం చెన్నపట్నానికి ఇదే మొదటిది. వెలుగు మానేసి నూరేళ్ళు దాటినా నిలబడే ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అడుగు నుంచి పైదాకా నిలువు గాళ్ళు చెక్కి ఉంటాయి. ఉదయపు ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఒక్కొక్క గాడిలో సన్నటి నీడ గీత నిలుస్తుంది. ఇంత శ్రద్ధగా చెక్కవలసిన అవసరం ఓడకు లేదు, ఊరికి ఉంది. రాత్రి ఓడకు కావలసింది పైనున్న వెలుగు మాత్రమే. పగలు ఊరివాళ్ళకు కనిపించేది ఈ రాయి.

ఆ స్తంభాన్ని పనికి దూరం చేసింది దాని పక్కనే లేచిన హైకోర్టు. ఎర్ర ఇటుకల ఆ భవనం 1892లో తెరుచుకుంది. దాని ప్రధాన గోపురం పాత స్తంభం కన్నా చాలా ఎత్తు. తన కన్నా పొడవైన కట్టడం పక్కనే ఉంటే ఏ దీపానికైనా ఒక దిక్కు మూసుకుపోతుంది. 1894 జూన్ 1 నుంచి దీపం హైకోర్టు గోపురం మీదికి మారింది, కిరోసిన్‌తో వెలిగింది. ఎత్తు 175 అడుగులు, సుమారు 53 మీటర్లు. పై లెక్క ప్రకారం 28 కిలోమీటర్లు. న్యాయస్థానం నెత్తిన ఓడల దీపం ఉండడం ఇప్పుడు వింతగా తోస్తుంది గానీ, ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తైన చోటును వాడుకోవడం 1796లోనూ జరిగిన పనే. ఆ గోపురం మీద దీపం ఉన్న కాలంలోనే, 1914 సెప్టెంబరు 22 రాత్రి, జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్ళు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. ఒక గుండు పడిన గుర్తుగా హైకోర్టు ప్రహరీ దగ్గర ఫలకం ఉంది. యుద్ధకాలంలో తీరదీపాలను ఆర్పివేయడం ఎందుకు ఆనవాయితీ అయిందో ఊహించడం కష్టం కాదు: దీపం దారి చూపేటప్పుడు ఎదుటి ఓడ ఎవరిదని అడగదు.

1977లో దీపం మెరీనాకు వచ్చింది. ఇది త్రికోణాకారపు కాంక్రీటు కట్టడం, లోపల లిఫ్టు ఉంది. గమనించవలసింది ఏమిటంటే ఈ దీపం ఎత్తు హైకోర్టు దీపానికి దాదాపు దగ్గరదే. అంటే ఎనభై ఏళ్ళ తరవాత జరిగిన ఈ మార్పులో సాధించినది ఎత్తు కాదు. చుట్టూ అడ్డులేని చోటు, కరెంటు, బలమైన దీపం, దానికి తగిన యంత్రాలు. చాలా ఏళ్ళు మూసి ఉంచిన తరవాత 2013లో దీన్ని మళ్ళీ సందర్శకులకు తెరిచారు. పైనుంచి ఉత్తరానికి చూస్తే హైకోర్టు గోపురాలు ఉన్న దిక్కు తెలుస్తుంది; కోట, డోరిక్ స్తంభం కూడా ఆ దిక్కునే. నాలుగు దీపాల కథను ఒక్కరోజులో, హైకోర్టు నుంచి మొదలుపెట్టి దక్షిణానికి నడుస్తూ చూసుకోవచ్చు. ఇలాంటి అవకాశం మరే ఊళ్ళోనూ సులభంగా దొరకదు.

మద్రాసు దీపం ఇలా ఊరు మారిన కొద్దీ మారింది. అదే మద్రాసు ప్రభుత్వపు ఏలుబడిలో ఉండిన ఆంధ్ర తీరానికి వస్తే కథ వేరు. ఇక్కడ దీపాలను నడిపించింది ఊళ్ళు కాదు, రాయీ ఇసుకా.

ముందు రాయి. విజయనగరం జిల్లాలో, కోనాడ సమీపాన చింతపల్లి దగ్గర, కొండ మీద ఒక లైట్‌హౌస్ ఉంది. ఇంగ్లీషు పటాల్లో ఆ ఊరు శాంతపిల్లి అయింది. ఆ పేరుతోనే లైట్‌హౌస్ కూడా నావికులకు తెలుసు. అక్కడ 1847లో దీపం పెట్టారు. కారణం ఒడ్డుకు కొన్ని మైళ్ళ దూరాన నీటిలో ఉన్న బండలు. వాటి మీద అలాంటి కట్టడం లేపడం ఆ రోజుల్లో తేలిక కాదు. అందుకని ఒడ్డున కొండ ఎక్కి, వెలుగు ఆ బండలను దాటి ఇంకా ముందుకు పోయేటట్టు దీపం పెట్టారు. ఓడ ముందు దీపాన్ని చూస్తుంది, అప్పుడు పటం విప్పి, దీపానికి ఎంత దూరంలో, ఏ దిక్కున బండలు ఉన్నాయో చూసుకుని తప్పుకుంటుంది. ప్రమాదం ఒకచోట, దాన్ని చెప్పే దీపం మరొకచోట ఉండడం ఇక్కడి విశేషం. బండలు కదలవు, కొండ కదలదు, కాబట్టి దీపానికీ కదలవలసిన పని పడలేదు. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ మీది దీపానికి కూడా ఎత్తు సంపాదించి పెట్టింది కొండే. కొండ ఉన్నచోట స్తంభం చేయవలసిన పనిలో పెద్ద వాటా కొండే చేసిపెడుతుంది.

ఇసుక దగ్గరికి వస్తే ఈ సౌకర్యం ఏదీ లేదు. గోదావరి ముఖద్వారాల దగ్గర నేల సముద్రానికి జానెడు ఎత్తులో ఉంటుంది. నీటి అడుగు కూడా అంతే మెల్లగా దిగుతుంది. ఒడ్డున తాటిచెట్ల తలలు సరిగా కనబడేలోపే ఓడ అడుగు ఇసుకను తాకే ప్రమాదం ఉంది. 1867 జూన్ 19న అమెరికా నౌకాదళానికి చెందిన శాక్రమెంటో అనే ఆవిరి యుద్ధనౌకకు ఇదే జరిగింది. కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్ నడుపుతున్న ఆ ఓడ గోదావరి ముఖం దగ్గర, కొత్తపాలెం ఎదుట మేట మీద చిక్కుకుని పగిలిపోయింది. సిబ్బంది ప్రాణాలతో బయటపడ్డారు, ఓడ మాత్రం పోయింది. ఆ మేటకు శాక్రమెంటో మేట అన్న పేరు నిలిచింది, దాన్ని హెచ్చరించే లైట్‌హౌస్‌కు కూడా అదే పేరు వచ్చింది. కాలిఫోర్నియాలోని నగరం పేరు కోనసీమ తీరాన ఎందుకుందని అడిగేవాళ్ళకు జవాబు ఇది. ఆ దీపం ఎక్కడి నుంచో వచ్చి మునిగిన పరాయి ఓడకు స్మారకం లాంటిది. మన చేపల పడవలకు మాత్రం ఇంటి గుర్తు.

అదే గోదావరి తెచ్చిన ఇసుకతో కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ పుట్టింది. గత రెండు వందల ఏళ్ళలో ఏర్పడి, సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఉత్తరానికి సాగిన ఇసుకదిన్నె అది. ఈ దిన్నె కాకినాడ అఖాతానికి గోడలా అడ్డునిలిచి ఓడలకు నెమ్మదైన నీళ్ళు ఇస్తోంది. కానీ దీపం పెట్టేవాళ్ళకు అది తెచ్చిన కష్టం కూడా అందులోనే ఉంది. దిన్నె కొస ఎక్కడుందో చూపడానికి పెట్టిన దీపం, దిన్నె పెరిగిన కొద్దీ కొసకు దూరమైపోతుంది. దాన్ని నమ్ముకుని మలుపు తిరిగిన ఓడ ఇసుక మీదికి ఎక్కుతుంది. హోప్ ఐలాండ్ మీద పాత లైట్‌హౌస్ ఉంది, కాకినాడకు ఉత్తరాన వాకలపూడి దగ్గర మరొకటి ఉంది. పడవ మీద వెళ్ళి మొదటిదాన్నీ, బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళి రెండోదాన్నీ చూసినవాళ్ళకు, ఒకే అఖాతానికి రెండు ఎందుకన్న ప్రశ్న రావాలి. పటం మీద ఇసుక నడిచిన దిక్కు చూస్తే ఆ ప్రశ్న విడిపోతుంది. ఇలాంటి తీరాన స్తంభం శిథిలమైందంటే నిర్లక్ష్యమే కారణమని వెంటనే అనుకోకూడదు. కొన్నిసార్లు దాని కింది భూగోళమే మారిపోయి ఉంటుంది.

దీపం కనబడితే సరిపోదు, అది ఏ దీపమో తెలియాలి. ఒడిశాలో మహానది ముఖం దగ్గర ఫాల్స్ పాయింట్ అనే చోటు ఉంది. ఇంకా ఉత్తరాన ఉన్న పామిరాస్ పాయింట్ అనుకుని నావికులు దీని దగ్గర పొరబడేవాళ్ళు, అందుకే ఆ పేరు. అక్కడ 1838లో లైట్‌హౌస్ వెలిగింది. హుగ్లీకి వెళ్ళే ఓడ ఒక కొసను మరొక కొస అనుకుని మలుపు తిరిగితే నేరుగా మేటల మీదికే పోతుంది. అంటే దీపం ‘ఇక్కడ నేల ఉంది’ అని మాత్రమే కాక ‘నేను ఫలానా’ అని కూడా చెప్పాలి. పగలైతే స్తంభం మీది రంగులు ఈ పని చేస్తాయి. ఎరుపు తెలుపు పట్టీలు, నలుపు తెలుపు పట్టీలు, అడ్డం నిలువు తేడాలు అన్నీ అలంకారం కోసం కాదు; పక్క లైట్‌హౌస్‌తో పోలిక కలవకుండా ఉండడానికి. రాత్రి ఆ పని మెరుపుల లెక్క చేస్తుంది. ఒక దీపం పది సెకన్లకు రెండు మెరుపులు ఇస్తే, దాని ఇరుగుపొరుగు దీపాలకు వేరే లెక్క ఇస్తారు. నావికుడు గడియారం చేత్తో పట్టుకుని మెరుపుకూ మెరుపుకూ మధ్య చీకటిని కొలిచి, దీపాల పట్టికలో వెతికి, తాను ఏ ఊరి ఎదుట ఉన్నాడో తెలుసుకుంటాడు. కొన్నిచోట్ల ప్రమాదం ఉన్న దిక్కుకు మాత్రం ఎర్ర అద్దం అమరుస్తారు. ఓడకు వెలుగు ఎర్రగా కనిపించిందంటే తాను రాళ్ళ వైపు ఉన్నట్టు. తెల్లగా మారిందంటే బయటపడినట్టు.

ఇక అద్దం సంగతి. పైకి ఎక్కినవాళ్ళు తప్పక చూడవలసింది ఇదే, నిమిషంలో దాటేసేదీ ఇదే. నూనెదీపం వెలుగు అన్ని వైపులకూ పోతుంది. ఆకాశానికీ, నేలకూ పోయినదంతా వృథా. మొదట్లో దీపం వెనక లోతైన అద్దపు పళ్ళేలు పెట్టి వెలుగును సముద్రం వైపు తోసేవారు, కానీ ఆ పళ్ళేలు చాలా వెలుగును మింగేసేవి. ఫ్రెంచి ఇంజనీరు అగస్టిన్ ఫ్రెనెల్ వేరే దారి పట్టాడు. దళసరి కటకాన్ని ఒకే ముద్దగా పోయకుండా, వంపును మాత్రం ఉంచి లోపలి గాజును తీసేసి, వలయాలుగా విడగొట్టాడు. మధ్యన గుండ్రటి కటకం, దాని చుట్టూ ఉంగరాల వంటి పట్టకాలు. మధ్యవి వెలుగును వంచుతాయి, అంచువి లోపలే తిప్పి పంపుతాయి. పైకీ కిందికీ పోవలసిన వెలుగు కూడా ఒకే పుంజంగా దిగంతం వైపు తిరుగుతుంది. ఇది మొదట 1823లో ఫ్రాన్సులోని కోర్దువాన్ లైట్‌హౌస్‌లో వెలిగింది. ఈ అద్దాలకు తరగతులు ఉన్నాయి. మొదటి తరగతి అద్దంలో దీపం నుంచి కటకానికి దూరం 920 మిల్లీమీటర్లు, అంటే ఒక మనిషి లోపల నిలబడగలిగేంత. ఇంగ్లండులో చాన్స్ బ్రదర్స్, పారిస్‌లో బార్బియే కంపెనీలు తయారు చేసిన అద్దాలు ప్రపంచమంతటి తీరాలకూ వెళ్ళాయి. ఇత్తడి చట్రం మీద కంపెనీ పేరు, సంవత్సరం చెక్కిన పలక ఉందేమో వెతికి చూడండి. లైట్‌హౌస్‌కున్న మూడో వయసు అదే, చాలాసార్లు అది స్తంభం వయసుతో కలవదు.

ఇలాంటి అద్దాలున్న చోట మెరుపు పుట్టేది దీపం ఆరి వెలగడం వల్ల కాదు, అద్దం తిరగడం వల్ల. దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. తిరుగుతున్న కటకపు పుంజం మన మీదుగా దాటిన క్షణమే మనకు మెరుపు. టన్నుల బరువున్న అద్దాన్ని సాఫీగా తిప్పడానికి దాన్ని పాదరసపు తొట్టెలో తేలించారు. అలా తేలుతున్న అద్దాన్ని ఒక్క వేలితో నెట్టినా కదులుతుంది. తిప్పే శక్తి గడియారం మాదిరి బరువు నుంచి వచ్చేది: మెట్లబావిలా గిరగిర తిరిగే మెట్ల మధ్య ఖాళీలో గొలుసుకు వేలాడుతూ ఇనుపగుండు మెల్లగా దిగేది, అది అడుగుకు చేరకముందే కాపలాదారు లేచి మళ్ళీ పైకి చుట్టేవాడు. రాత్రంతా అదే పని. పొద్దున దీపం ఆర్పాక గది చుట్టూ తెరలు దించడం కూడా ఆయన పనే. రాత్రి వెలుగును బయటికి పంపే ఆ అద్దమే పగలు ఎండను లోపలికి ముద్దగా చేర్చి మంట పెట్టగలదు. చాలా లైట్‌హౌస్‌లలో పగలు వెళ్ళినవాళ్ళకు గదిలో తెరలు కనబడడానికి కారణం అది. కరెంటూ ఎల్‌ఈడీ దీపాలూ వచ్చాక కాపలాదారు రాత్రి మేలుకోవలసిన అవసరం తగ్గింది, పాదరసం విషం కాబట్టి అనేక చోట్ల దాన్ని తీసేశారు. పాత అద్దాలు కొన్ని మ్యూజియంలకు చేరాయి. అద్దం అక్కడే ఉండి తిరుగుతూ ఉన్న చోటు దొరికితే అదృష్టమే.

వీటిని నడిపేది కేంద్ర ప్రభుత్వపు దీపస్తంభాలు, దీపనౌకల డైరెక్టరేట్ జనరల్. 1927 నాటి చట్టం దీపాలను రెండుగా విడగొట్టింది: సముద్రయానానికంతటికీ పనికొచ్చే సాధారణ దీపాలు, ఒక రేవుకు మాత్రం పనికొచ్చే స్థానిక దీపాలు. మొదటివి కేంద్రానివి, రెండోవి రేవులవి. 2021లో ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఖర్చు దారినపోయే పడవ మీద పడదు. మన రేవులకు వచ్చే ఓడల నుంచి సుంకం వసూలు చేస్తారు. 2024 ఫిబ్రవరిలో దేశంలోని 75 లైట్‌హౌస్‌లను పర్యాటక వసతులతో తీర్చిదిద్ది ప్రారంభించారు. అయినా ఇవి పనిచేసే స్థలాలే. వేళలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, డాల్ఫిన్స్ నోస్ వంటి నౌకాదళం దగ్గరి ప్రదేశాల్లో, హైకోర్టు ఆవరణలో భద్రతా నిబంధనలు ఉంటాయి. ముందుగా కనుక్కుని వెళ్ళడం మేలు.

ఉపగ్రహాల సాయంతో ఓడ తన చోటును మీటర్లలో తెలుసుకుంటున్న ఈ రోజుల్లో దీపం ఎందుకన్న సందేహం సహజమే. యంత్రం పాడైనప్పుడు కంటితో సరిచూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలన్నది ఒక జవాబు. చిన్న పడవలది మరొక జవాబు. మన తీరపు మత్స్యకారులు ఒడ్డున కనబడే రెండు గుర్తులను ఒక వరసలో పెట్టుకుని, ముందుది వెనకదానికి ఎటు జరిగిందో చూసి దారి తెలుసుకుంటారు; పగలు కొండా గుడిగోపురమూ, రాత్రి లైట్‌హౌసూ. అందుకే లైట్‌హౌస్ చూడడానికి వెళ్ళినవాళ్ళు సాయంత్రం గేటు మూయగానే తిరిగి రాకూడదని నేను అంటాను. చీకటి పడేదాకా ఇసుక మీద ఆగండి. మొదటి మెరుపు రాగానే గడియారం చూసుకోండి, అదే వరస మళ్ళీ మొదలయ్యేదాకా లెక్కపెట్టండి. ఆ లెక్క చేతికి వచ్చాక, కెరటాల అవతల చిన్న దీపంతో ఊగుతున్న పడవలోని మనిషి కూడా అదే లెక్క పెడుతున్నాడని తోస్తుంది.